కేసముద్రంలో వైన్ లేదన్నది అబద్ధం

మహబూబాబాద్ జిల్లా కేసముద్రం స్టేషన్‌లో రైలు దిగి బజారులోకి వస్తే "వైన్స్" అన్న బోర్డు కనబడుతుంది. లోపల ఉండేవి బీరు, విస్కీ, బ్రాందీ, రమ్ము. ద్రాక్ష వైన్ కోసం అక్కడికి ఎవరూ పోరు. తెలంగాణలో ఆ మాటకు మందు దుకాణం అన్న అర్థం స్థిరపడి చాలా ఏళ్లయింది. అదే బజారు దాటి కల్వల దిక్కో, పెనుగొండ దిక్కో, కోరుకొండపల్లి దిక్కో పోతే పొలం గట్ల మీద, చెరువు కట్టల వెంట తాటిచెట్లు, ఈతచెట్లు ఉంటాయి. వాటి తలల దగ్గర మట్టి లొట్లు వేలాడుతుంటాయి. రాత్రంతా చుక్క చుక్కగా ఆ లొట్లలోకి దిగి, తనంతట తాను పులిసి, పొద్దున గీసే గౌడు దించేసరికి నురగ కట్టి ఉండే కల్లే ఈ నేల వైన్. దానికి బోర్డు ఉండదు.

ఈ మాట మా వాళ్లలో చదువుకున్నవాళ్లు ఒప్పుకోరు. పండుగకు హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాల నోట, ఊరి ఉద్యోగుల నోట, తిండి మీద, పానీయాల మీద రాసేవాళ్ల రాతల్లో ఒకే అభిప్రాయం తిరుగుతోంది. దాన్ని తగ్గించకుండా, వాళ్లు చెప్పినంత బలంగానే చెబుతాను. వైన్ అంటే ద్రాక్ష నుంచి వచ్చేది, దానికి తగిన నేల, చలి, సంప్రదాయం ఉన్న ప్రాంతాలు వేరు. కేసముద్రం పసుపుకు, మిర్చికి, పత్తికి పేరున్న మార్కెట్టు గానీ వైన్‌కు కాదు. ఇక్కడ దొరికే కల్లు కల్తీమయం, ప్రాణాంతకం. కల్తీ లేకున్నా ఒక రోజు నిలవలేని పానీయానికి రుచి, నాణ్యత అనే మాటలు వర్తించవు. దాన్ని పొగడడమంటే పేదల తాగుడును అందంగా చూపించడమే. అన్నిటికీ మించి, మనిషి ప్రాణం పణంగా పెట్టి చెట్టెక్కే వృత్తి ఎంత త్వరగా పోతే అంత మంచిది. కాబట్టి స్థానిక వైన్ రుచి చూడాలనుకునేవాడు నాసిక్ పోవాలి, కేసముద్రంలో వెతకడం తెలివితక్కువ.

ఈ వాదన చెప్పేవాళ్లలో నిజంగా సమాజం మేలు కోరేవాళ్లు ఉన్నారని తెలుసు. అయినా ఇందులో ప్రతి మెట్టూ తప్పే.

ఒకటి: వైన్ అంటే ద్రాక్షేనా?

పులియబెట్టిన పండ్ల రసాన్ని, చెట్టు రసాన్ని వైన్ అనడం కొత్తగా నేను చేస్తున్న సాహసం కాదు. ఇంగ్లీషు మాట్లాడే ప్రపంచం తాటికల్లును శతాబ్దాలుగా తాటి వైన్ అనే పిలుస్తోంది. నైజీరియా రచయిత ఆమోస్ టుటుఓలా 1952లో అచ్చేసిన నవల పేరులోనే ఆ మాట ఉంది. మన దేశంలో 2018లో వచ్చిన మద్య పానీయాల ప్రమాణాలు కూడా ద్రాక్ష వైన్‌తో ఆగలేదు. ఇతర పండ్ల వైన్‌నూ, ఇతర మొక్కల నుంచి వచ్చే వైన్‌నూ లెక్కలోకి తీసుకున్నాయి.

అసలు తేడా ఉండాల్సింది ద్రాక్షకూ తాటికీ మధ్య కాదు, పులిసిన దానికీ కాచి దించిన దానికీ మధ్య. చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలు చేస్తుంది, అక్కడితో ఆగితే వైన్, బీరు, కల్లు. దాన్ని మళ్లీ మంట మీద కాచి ఆవిరి పట్టి చల్లారిస్తే సారా, బ్రాందీ, విస్కీ. ఈ గీత దగ్గరే మా ప్రాంతంలో అందరూ పొరబడుతున్నారు. నల్లబెల్లం, పటికతో కాచే గుడుంబానూ, గూడూరు, కొత్తగూడ, గంగారం అడవి పల్లెల్లో ఇప్పపూలతో కాచే సారానూ, తాటిచెట్టు కింది కల్లునూ ఒకే గాటన కట్టి "లోకల్ సరుకు" అంటున్నారు. ఇప్పసారాను నేను చిన్నచూపు చూడడం లేదు, దానికి దాని చరిత్ర ఉంది. కానీ అది వేరు జాతి. ద్రాక్ష వైన్‌కు చుట్టం కావాలంటే అది కల్లే, గుడుంబా కాదు.

కల్లు అన్న మాటను చూడండి. తమిళులకు, కన్నడిగులకు, మలయాళీలకు కూడా అది ఇంచుమించు అదే మాట. ఈ భాషలు విడిపోకముందు నుంచే మనకు ఆ పానీయం తెలుసు. ఇంగ్లీషువాళ్ల "టాడీ" కూడా మన దేశపు తాడిచెట్టు పేరు నుంచి పోయిందే. ఇంత పాత మాట ఉన్న చోట వైన్ సంప్రదాయం లేదనడం ఎలా కుదురుతుంది?

రెండు: పేరు ముందా, వైన్ ముందా?

"ఇది వైన్‌కు పేరున్న ప్రాంతం కాదు" అన్న వాక్యాన్ని ప్రకృతి నియమంలా వాడుతున్నారు. నాసిక్ ఎప్పుడు పేరు తెచ్చుకుంది? 1999లో సులా వైన్ సంస్థ మొదలయ్యే నాటికి ఆ జిల్లా తినే ద్రాక్షకు, కుంభమేళాకు, త్ర్యంబకేశ్వరుడికి పేరు. అక్కడ వైన్ అంటే అప్పటివాళ్లు కూడా ఇదే మాట అన్నారు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైన్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది, పదేళ్లలో నాసిక్ పేరు మారిపోయింది. అంతకు ముందు నారాయణగావ్‌లో, బెంగళూరు దగ్గర నందికొండల కింద మొదలుపెట్టినవాళ్ల కథా అంతే.

ఇంకా దూరం పోదాం. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి నిపుణులు సీసాల పేర్లు చూడకుండా రుచి చూసి మార్కులు వేశారు. తెల్ల వైన్‌లోనూ, ఎర్ర వైన్‌లోనూ కాలిఫోర్నియా సీసాలే మొదట నిలిచాయి. అప్పటిదాకా కాలిఫోర్నియా గొప్ప వైన్‌కు పేరున్న చోటు కాదు. పేరు చూడకుండా తాగినప్పుడే నాలుక నిజం చెప్పింది. కేసముద్రం కల్లును చెట్టు కింద తాగకుండానే తీర్పు చెప్పేవాళ్లు ఆ రోజు పరీక్షకు ముందు ఫ్రెంచివాళ్లకున్న నమ్మకంతోనే మాట్లాడుతున్నారు.

ద్రాక్ష కూడా మనకు కొత్తది కాదు. అనాబ్-ఎ-షాహీ అనే ద్రాక్ష రకం హైదరాబాద్ తోటల నుంచే దేశానికి పరిచయమైంది. మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్ష పందిళ్లు చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఆ తోటలను ప్లాట్లు మింగాయి. నేల చేతకానిది కాబట్టి ద్రాక్ష పోలేదు.

మూడు: కల్తీ

అన్నిటికంటే గట్టిగా వినబడే మాట ఇది, అన్నిటికంటే బరువైనది కూడా. దీన్ని తేలిగ్గా తీసేయను. 2015 సెప్టెంబర్‌లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగింది. ఏళ్లుగా దానికి అలవాటుపడ్డ మనుషులు వణికిపోయారు, మతి తప్పినట్టు ప్రవర్తించారు, ఆసుపత్రుల ముందు బారులు తీరారు. కొందరి ప్రాణాలు పోయాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చనిపోయినవాళ్లు కూలి చేసుకునేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఎవరు సంపాదిస్తున్నారో తలుచుకుంటే కోపం ఆగదు.

ఆ కోపం ఎవరి మీద ఉండాలన్నదే ప్రశ్న. కల్తీ కల్లు కేసుల్లో పదేపదే వినబడే పేర్లు ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. మూడూ మత్తు మందులే, ఏదీ చెట్టు నుంచి రాదు. ఎవరో తయారు చేస్తారు, ఎవరో రవాణా చేస్తారు, ఎవరో తొట్టిలో కలుపుతారు. ఎందుకు కలుపుతారో కల్లు మండువల గురించి తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఒక చెట్టు రోజుకిచ్చేది కొన్ని లీటర్లు. నగరంలో, పెద్ద పట్టణాల్లో తాగేవాళ్లు వేలల్లో. చుట్టూ చెట్లు లేవు. ఉన్న కొద్ది కల్లులో నీళ్లు పోస్తారు. నీళ్లతో తీపి పోతుంది, శాకరిన్ వేస్తారు. మత్తు పోతుంది, మందు వేస్తారు. చివరకు ఆ సీసాలో కల్లు అనదగ్గది మిగలదు. ఆ సీసా చంపితే నేరం కల్లు పేరున పడుతోంది.

2004లో అప్పటి ప్రభుత్వం హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేసింది. 2014లో కొత్త రాష్ట్రం వచ్చాక తిరిగి తెరిచారు. తెరిచినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "చెట్లెక్కడున్నాయి?" అన్నది. ఎక్సైజు వాళ్ల దగ్గర గీసే చెట్టు చెట్టుకూ లెక్క ఉంటుంది. సొసైటీల పేరున, విడిగా గీసేవాళ్ల పేరున లైసెన్సులు ఉంటాయి. ఒక డిపో పేరున ఎన్ని చెట్లున్నాయి, అవి ఆ రుతువులో రోజుకు ఎంత ఇవ్వగలవు, అక్కడ రోజుకు ఎంత అమ్ముడవుతోంది, ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే కల్తీ ఎక్కడ జరుగుతోందో ప్రయోగశాలకు పోకముందే తెలిసిపోతుంది. ఇంత సులువైన కూడిక తీసివేత చేయని వ్యవస్థను వదిలేసి చెట్టును దోషిగా నిలబెట్టడం అన్యాయం.

ద్రాక్ష వైన్‌లో కల్తీ జరగలేదా? 1985లో ఆస్ట్రియాలో వైన్‌కు తీపి, చిక్కదనం రావడానికి డైఇథిలీన్ గ్లైకాల్ కలిపినట్టు బయటపడింది. మరుసటి ఏడాది ఇటలీలో మిథనాల్ కలిపిన వైన్ తాగి 20 మందికి పైగా చచ్చిపోయారు. అప్పుడు యూరప్ ఏం చేసింది? వైన్ అంటేనే విషమని తీర్మానించలేదు. ఆస్ట్రియా 1985లోనే అతి కఠినమైన వైన్ చట్టం చేసుకుంది. తోట నుంచి సీసా దాకా ఎంత పండింది, ఎంత నింపారు అన్న లెక్క బిగించింది. ఎగుమతులు కుప్పకూలిన ఆ దేశపు వైన్ తర్వాతి కాలంలో మునుపటికంటే గౌరవం తెచ్చుకుంది. యూరప్‌లో కల్తీ జరిగితే కల్తీదారుది నేరం, మన దగ్గర జరిగితే కల్లుది నేరం. ఈ రెండు కొలతల వెనక ఏ తర్కమూ లేదు. తాగేవాడు ఎవడన్న దాన్ని బట్టి కొలత మారుతోంది.

మహబూబాబాద్ జిల్లాలో ఎక్కడా కల్తీ లేదని నేను ప్రమాణం చేయడం లేదు. చెట్టు నుంచి కల్లు ఎంత దూరం పోతే, మధ్యలో ఎన్ని చేతులు మారితే అంత అనుమానించాలని మాత్రం చెబుతాను. మోకు భుజాన వేసుకున్న మనిషి మన కళ్ల ముందే చెట్టెక్కి, లొట్టి దించి, అదే లొట్టి నుంచి పోసిన కల్లులో మందు కలపడానికి సందేదీ లేదు. ఊళ్లో తరతరాల వాడిక ఉన్న ఇళ్లకు పోసే గౌడు, రేపు పొద్దున మళ్లీ అదే ముఖాలు చూడాలి. కేసముద్రం చుట్టుపక్కల ఊళ్లకు ఇంకా మిగిలిన అదృష్టం ఇదే: తాగేవాడికీ గీసేవాడికీ మధ్య దూరం పది అడుగులు.

నాలుగు: నిలవ లేనిదానికి రుచి ఉండదా?

నిలవ ఉండడమే గొప్పతనమైతే ముంజలు పనికిరానివి, జున్ను పనికిరానిది. ఫ్రాన్స్‌లోనే బోజొలే ప్రాంతపు కొత్త వైన్‌ను ఏటా నవంబర్ మూడో గురువారం తెరిచి పండుగ చేసుకుంటారు. దాని విలువంతా తాజాదనంలోనే ఉంది. మెక్సికోలో కిత్తలి జాతి మొక్క రసంతో చేసే పుల్కే కూడా కల్లులాగే రోజుల్లో పాడైపోతుంది. కల్లులో కనబడే జైమోమోనాస్ అనే సూక్ష్మజీవి పుల్కేలోనూ ఉంటుంది, పులియడంలో ఆ రెండూ అన్నదమ్ములే. బీరు కంపెనీలు బలపడిన కాలంలో పుల్కేను మురికిదని, మొరటుదని అక్కడి నగరాలు వెలివేశాయి. ఇప్పుడు అదే మెక్సికో సిటీలో యువకులు పుల్కే దుకాణాలు వెతుక్కుంటూ పోతున్నారు. జార్జియా దేశస్థులు మట్టికుండలను నేలలో పూడ్చి వైన్ చేసే పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. వాళ్ల మట్టికుండ వారసత్వమైనప్పుడు మన లొట్టి మొరటుతనం ఎలా అవుతుంది?

కల్లు రుచికి భాష లేదన్న మాటైతే మా ప్రాంతం తెలియనివాళ్లు మాత్రమే అనగలరు. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాటిలో పోద్దాడు వేరు, పరుపుదాడు వేరు, పండుదాడు వేరు. తాటిచెట్లలో ఆడ, మగ విడివిడిగా ఉంటాయి, దేని కల్లు దానిదే. పొద్దటి కల్లు, మాపటి కల్లు ఒకటి కావు. తీపికల్లు, పులిసిన కల్లు, నిలవ కల్లు అని మళ్లీ వేరు. సున్నం పూసిన లొట్టిలో పట్టి పులియకుండా ఆపితే నీరా. ఫలానా కుంట కింది చెట్టుది చిక్కన, రేగడి చెలకలో చెట్టుది పలచన అని తాగిన మొదటి గుక్కకే చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. నేల గుణం, రుతువు, చెట్టు, చేతివాటం ఈ నాలుగింటిని బట్టి రుచి చెప్పడాన్నే ఫ్రాన్స్‌లో గొప్ప విద్యగా నేర్పుతారు. ఇక్కడ అదే పని చేసే మనిషిని తాగుబోతు అంటున్నారు.

చలికాలపు పొద్దున ఈతకల్లు తాగి చూడండి. మొదట లేత తీపి, వెంటనే నాలుక కొసన సన్నటి చురుకు, మింగాక ఈతపండు తొక్క వంటి చిన్న వగరు. ఎండ ఎక్కేకొద్దీ తీపి తగ్గుతుంది, పులుపు పైకొస్తుంది. మధ్యాహ్నానికి అదే లొట్టిలో వేరే పానీయం ఉంటుంది. ఈస్టు లొట్టి గోడల్లో ఉంది, గాలిలో ఉంది. బయటి నుంచి వేసేదేమీ లేదు. ఒక పూటలో పుట్టి, పెరిగి, ముదిరే వైన్‌ను గంట గంటకూ రుచి చూసే అవకాశం ఏ సీసా ఇస్తుంది?

ఈతచెట్టు మొద్దును దగ్గరగా చూడండి. ఒక ఏడు ఒక పక్క చెక్కితే మరుసటి ఏడు ఎదురు పక్క చెక్కుతారు. అందుకే ఆ చెట్టు వంకర టింకరగా, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లుగా గీస్తున్నారో తెలుస్తుంది. తాటిచెట్టైతే గీతకు రావడానికి పదేళ్లకు పైగా ఆగాలి. నాటినవాడు ఒకడు, తాగేవాడు వాడి కొడుకో మనుమడో. గీసేవాడు పూత గొలను కట్టి, మెత్తబరిచి, రోజూ కొసన ఆకంత పలచగా కోయాలి. ఎక్కువ కోస్తే గొల త్వరగా అయిపోతుంది, తక్కువ కోస్తే ధార రాదు. ఈ కొలత ఏ పుస్తకంలోనూ లేదు, కత్తి పట్టిన చేతిలోనే ఉంది. దీన్ని నైపుణ్యం అనకపోతే ఇంకేమనాలి?

ఐదు: కల్లు కాపురాలు కూలుస్తుందా?

ఈ ప్రశ్న అడిగే ఆడవాళ్ల ముందు నేను తల వంచుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన మహిళలు 1993 అక్టోబర్ 1 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చుకున్నారు. వాళ్లు చూసిన నరకం నిజం. అయితే వాళ్లు పోరాడింది కాచిన సారా మీద, పాకెట్ల సారా మీద, దాన్ని ఊరూరా పారించిన కాంట్రాక్టుల మీద. ఆ పోరాటాన్ని తెచ్చి కల్లు మీద పెట్టడం వాళ్ల పోరాటాన్నే పక్కదారి పట్టించడం.

అంకెలు చూద్దాం. పొద్దటి కల్లులో ఆల్కహాలు నూటికి 4 నుంచి 6 పాళ్లు. స్ట్రాంగ్ బీరులో 8 దాకా. విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 అని అచ్చేసి ఉంటుంది. సారా పోయాక పల్లెలోకి వచ్చింది ఈ 42.8 సరుకు. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలున్నాయి, వాటి వెనక ఊరూరా లెక్కకు రాని బెల్టు షాపులు. 2025లో ఆ దుకాణాల లైసెన్సుల కోసం ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని 3 లక్షల రుసుము పెడితే 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దుకాణం తెరవకముందే ఖజానాకు చేరింది దాదాపు 2,850 కోట్లు. కల్లు మీద చెట్టు పన్ను రద్దయింది, ఖజానాకు దాని నుంచి వచ్చేది పెద్దగా లేదు. ఏ పానీయం మీద హెచ్చరికలు గట్టిగా వినబడతాయో, ఏ పానీయం బోర్డు రోడ్డు మీద మెరుస్తుందో ఈ లెక్కను బట్టి అర్థం చేసుకోవచ్చు.

తమిళనాడును చూడండి. అక్కడ 1987 నుంచి కల్లు నిషేధం. అదే ప్రభుత్వం తన సంస్థ ద్వారా తానే సీసా మద్యం అమ్ముతోంది. కల్లు పోతే తాగుడు పోతుందన్న వాదనకు అంతకంటే పెద్ద ప్రయోగం ఏం కావాలి? అక్కడ తాగుడు పోలేదు, గీత కార్మికుడి బతుకు పోయింది, డబ్బు ఊరు దాటి కంపెనీకి పోయింది.

ఆల్కహాలు ఏ కొలతలోనూ పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. దాన్ని నేను కాదనను. కల్లులో ఆల్కహాలు ఉంది, ఎక్కువ తాగితే కల్లూ చెడుపే, పిల్లలకూ గర్భిణులకూ అది వద్దు. అసలేదీ తాగవద్దని చెప్పేవాళ్లతో నాకు తగవు లేదు. నాసిక్ వైన్‌ను సంస్కారమని, కేసముద్రం కల్లును వ్యసనమని ఒకే నోటితో చెప్పేవాళ్లతోనే తగవు. పెళ్లి విందులో పొడుగాటి గాజు గ్లాసు పట్టుకున్నవాడికి వర్తించే మర్యాద, పత్తి ఏరి వచ్చి చెట్టు కింద తాటాకు రేక పట్టుకున్న కూలి మనిషికి ఎందుకు వర్తించదు?

ఆరు: ఈ వృత్తి చావాలన్న మాట

మేలు కోరి చెప్పేవాళ్లు చివరగా తీసేది ఇదే. చెట్టు మీంచి పడి గౌడన్నలు చనిపోతున్నారు, నడుములు విరిగి మంచాన పడుతున్నారు, వాళ్ల పిల్లలకైనా ఈ పని తప్పాలి అంటారు. మొదటి సగం నిజం. మోకు జారిన కబురు వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఎట్లా పరుగెత్తుతుందో చూసినవాణ్ని. కానీ చావులు ఆపడానికి మార్గం వృత్తిని చంపడమా, చెట్టెక్కే పద్ధతిని భద్రం చేయడమా? 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం "కాటమయ్య రక్ష" పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. గౌడుల కులదైవం పేరే దానికి పెట్టారు. అంటే జారినా మనిషిని పట్టి ఆపే సాధనం తయారు చేయడం సాధ్యమే. తరతరాలుగా ఆ పని జరగకపోవడానికి కారణం ఆ ప్రాణానికి ఎవరూ విలువ కట్టకపోవడం. గీసే ప్రతి మనిషికీ కిట్టు, దాని వాడకంలో శిక్షణ, పడితే వెంటనే పరిహారం, ఇవి అడగాల్సిన కోరికలు. వృత్తి పోవాలనడం వీటిని అడగకుండా తప్పించుకోవడం.

పిల్లలు ఈ పనిలోకి రావాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఆ ఇష్టం నిజమైనది కావాలంటే పనికి తగిన ధర, గౌరవం ఉండాలి. నాసిక్ తోటలో తీగలు కత్తిరించేవాణ్ని నిపుణుడంటారు, అతని దగ్గరికి బస్సుల్లో జనం పోయి ఫొటోలు దిగుతారు. ముప్పై అడుగుల ఎత్తున ముస్తాదు కట్టుకుని రోజుకు రెండు మూడు సార్లు గొల కోసేవాణ్ని కులం పేరుతో గుర్తుపడతారు. ఈ తేడా వృత్తిలో లేదు, చూసే కంట్లో ఉంది.

ఈ చూపు కొత్తది కాదు. ఇక్కడికి దగ్గరలోనే, జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో కోట కట్టిన సర్వాయి పాపన్న కల్లుగీత కుటుంబం నుంచి వచ్చినవాడు. 1708లో వరంగల్ కోటను పట్టుకున్నాడు. ఆ కాలపు మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ అతణ్ని కల్లు కులంవాడని ఎత్తిచూపి, దోపిడీ దొంగగా రాశాడు. ఈనాడు ప్రభుత్వమే పాపన్న జయంతి జరుపుతోంది. విగ్రహానికి దండ వేసే చేతులే ఆయన కులవృత్తిని మురికిదని తోసేస్తుంటే ఆ దండకు అర్థం లేదు. ఎల్లమ్మ పండుగకు కల్లు సాక పోసి, చావు కాడ సాక పోసి, మరుసటి రోజు అదే కల్లును నాటుదని ఈసడించడం కూడా అంతే.

గోవావాళ్లు ఏం చేశారో చూడండి. జీడిమామిడి పండ్లతో చేసే ఫెనీని ఒకప్పుడు పేద సరుకని చిన్నచూపు చూశారు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు, 2016లో రాష్ట్రం దాన్ని తమ వారసత్వ పానీయమని ప్రకటించింది. కేరళ కల్లు పరిశ్రమకు ప్రత్యేక బోర్డు కోసం 2021లో చట్టం చేసుకుంది, అక్కడి కల్లు షాపుల కూర కోసం పరాయి రాష్ట్రాలవాళ్లు పోతారు. మన దగ్గర 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. మంచి పనే, కానీ నీరా పులియని రసం. పులిసిన కల్లును గౌరవంగా తాగే చోటు చెట్టున్న ఊళ్లలో ఉండాలి, హుస్సేన్ సాగర్ ఒడ్డున కాదు.

కాబట్టి నేను అడిగేది ఇది. చెట్టు దగ్గరే అమ్ముకునే గీతగాడికి ఒక రకం అనుమతి, లారీల్లో తెచ్చి అమ్మే డిపోకు వేరే రకం కట్టుబాట్లు పెట్టాలి. చెట్టుకింది కల్లుకు ఊరి పేరు, చెట్టు రకం, దించిన పూట చెప్పే హక్కు ఇవ్వాలి. ప్లాట్ల కోసం, రోడ్ల కోసం కొట్టిన ప్రతి తాటికీ ఈతకూ బదులు చెరువు కట్టల మీద నాటించి, బతికినవాటి లెక్క ఊరి ముందు చదవాలి. పాకాల చెరువు, గూడూరు భీమునిపాదం జలపాతం, కురవి వీరభద్రుడి కోసం వచ్చేవాళ్లకు దారిలో ప్లాస్టిక్ సీసాల కల్లు అమ్మే బండి కాకుండా, తాటివనం కింద నీడ, శుభ్రమైన లొట్టి, ఉడకబెట్టిన గుడాలు దొరికేటట్టు చేయాలి.

అప్పటిదాకా, కేసముద్రంలో వైన్ లేదనేవాళ్లకు ఒక మాట. చలి ముదిరాక, ఈదులు గీసే రోజుల్లో పొద్దున ఆరున్నరకు ముందే రండి. స్టేషన్ బజారులో ఆగకుండా ఊరి బయటికి నడవండి. మోకు వేసుకుని ఎదురొచ్చే గౌడును "ఏ చెట్టుది?" అని అడగండి. ఆయన చూపించిన చెట్టు కింద నిలబడి తాటాకు రేకలో పోయించుకోండి, తొందరపడకుండా తాగండి. నచ్చకపోతే ఆయన ముఖం మీదే చెప్పండి. ఆయన ఏమీ అనుకోడు, పక్క చెట్టెక్కి ఇంకో లొట్టి దించుతాడు.